మౌసుకు జానెడు జాగా

ఉరుకుందమ్మకు ముప్పై తొమ్మిదేళ్లు. ఎవరి ఇంటికి వెళ్లినా, ఏ అంగడికి వెళ్లినా గడప బయటే ఆగి, తల మీదా భుజాల మీదా అంటుకున్న దూదిని కొంగుతో దులుపుకున్నాకే లోపలికి అడుగు పెడుతుంది. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పదహారేళ్లుగా నేల ఊడ్చే మనిషి ఆమె. పత్తి నుంచి గింజను వేరుచేసే ఆ షెడ్డులో గాలి తెల్లగా ఉంటుంది. అక్కడ ఊడ్చేవాళ్లకు నలభై దాటేసరికి దగ్గు పట్టుకోవడం మామూలు. ఉరుకుందమ్మకు అది కాస్త ముందే పట్టుకుంది.

షమీమ్ ఆమెను మొదట చూసింది ఒక శనివారం సాయంత్రం, జోగులాంబ ఇన్‌స్టిట్యూట్ గడప దగ్గర. షమీమ్ అక్కడ జోగులాంబ దగ్గరే టైపు నేర్చుకుని, కంప్యూటరు నేర్చుకుని, ఇప్పుడు ఆమె కిందనే పాఠాలు చెబుతున్న ఇరవై మూడేళ్ల పిల్ల. గడప అవతల ఎవరో ఒకామె కొంగుతో తల దులుపుకుంటూ ఉంటే బయటికొచ్చి అడిగింది.

"ఎవరు కావాలక్కా?"

"కంప్యూటరు ముందర చేత్తో తిప్పేది ఒకటి ఉంటుంది చూడు, తోక ఉంటుంది దానికి. అది తిప్పేది నేర్చుకోవాల టీచరమ్మా. శుక్రవారం లోపల."

"మౌసా? అదొక్కటేనా?"

"అది వస్తే చాలు. అంకెలు నాకు వచ్చు. ఏడో తరగతి దాకా చదివినా."

సంగతేమిటంటే, కంప్యూటర్లు ఆ ఊరికి కొత్తగా వస్తున్న రోజులవి. మిల్లు తూకం గదిలోనూ ఒకటి పెట్టారు. పత్తి బండి కాటా మీదికి ఎక్కగానే తెర మీద పైన ఎడమ మూల ఉన్న గడిని నొక్కాలి, పత్తి రకం ఎంచాలి, బరువు కొట్టాలి, కింద కుడి మూల ఉన్న గడిని నొక్కాలి. చీటీ బయటికి వస్తుంది. అంతే పని. ఆ పనికి పెట్టుకున్న ఇద్దరూ నెల తిరక్కుండా బెంగళూరు వెళ్లిపోయారు. మిల్లు యజమాని నరసప్ప ఎవరిని కూర్చోబెట్టాలా అని విసుక్కుంటుంటే, ఉరుకుందమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చి, నేను కూర్చుంటానయ్యా అంది. నలభై మంది పనివాళ్ల ముందర నరసప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, ఆ ఊపులోనే అన్నాడు: "శుక్రవారం పొద్దున పది గంటలకు నా ముందర ఒక్క చీటీ తియ్యి. తీస్తే కుర్చీ నీది. తీయలేకపోతే మా మేనల్లుడు కూర్చుంటాడు, నువ్వు మళ్ల ఈ మాట ఎత్తకూడదు." నలుగురి ముందర వేళాకోళానికి అన్న మాటే అయినా, నలుగురి ముందర అన్నాడు గనక వెనక్కి తీసుకోవడం కష్టం. ఉరుకుందమ్మ అది కనిపెట్టింది. తూకం గదికి గాజు కిటికీ ఉంది, మూసుకునే తలుపు ఉంది. లోపల గాలి తెల్లగా ఉండదు. ఆమెకు కావలసింది కుర్చీ కంటే ఆ తలుపు.

ఇక జోగులాంబ. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు టైపు మిషన్ల మీద పాఠం చెప్పి, చివరికి నాలుగు మిషన్లు అమ్మి మూడు కంప్యూటర్లు కొన్నది. పాఠం చెప్పేటప్పుడు చేతులు రెండూ వీపు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. నేర్చుకునే మనిషి మౌసును గానీ, మౌసు మీది చేతిని గానీ ఎన్నడూ ముట్టుకోదు. నోటితో చెబుతుంది, లేదా ఊరుకుంటుంది. షమీమ్‌కు పాఠం చెప్పే పని అప్పగించిన రోజున కూడా ఈ ఒక్క నియమమే పెట్టింది.

ఈ నియమం ఎందుకు పుట్టిందో ఊళ్లో అందరూ తమకు తెలుసనే అనుకునేవాళ్లు. ఆదోనిలో అప్పటికి ఇంకో రెండు కంప్యూటర్ సెంటర్లు ఉండేవి. వాటిలో పాఠం చెప్పే మగవాళ్లకు ఆడపిల్లలకు మౌసు నేర్పడానికి ఒకే పద్ధతి తెలుసు: కుర్చీ వెనక నిలబడి, వంగి, ఆ పిల్ల చేతి మీద తమ చేయి వేసి తిప్పించడం. మగపిల్లలకు ఈ పద్ధతి అవసరం పడేది కాదు. వాళ్లు నోటిమాటతోనే చక్కగా నేర్చుకునేవాళ్లు. అందుకే తల్లులు వెతుక్కుంటూ వచ్చి తమ కూతుళ్లను జోగులాంబ దగ్గర చేర్చేవాళ్లు. షమీమ్ తల్లి కూడా అలాగే తెచ్చింది.

కాబట్టి షమీమ్ దృష్టిలో ఆ నియమం మగవాళ్ల కోసం. తన చేయి ఆడచేయి. శనివారం ఒక గంట ఉరుకుందమ్మ అవస్థ చూసింది. బాణం ఒకసారి తెర పై అంచున దాక్కుంటుంది, ఒకసారి కిందికి జారిపోతుంది. ఉరుకుందమ్మ బాణాన్ని వెతుక్కుంటూ పళ్లు బిగించి మౌసును గట్టిగా అదిమి పట్టుకుంటోంది. ఆదివారం సాయంత్రానికి షమీమ్ ఇక ఆగలేకపోయింది. ఆ గరుకు చేతి మీద తన చేయి వేసి, "ఇట్ల అక్కా, మెల్లిగా, ఇట్ల" అంటూ తిప్పించింది. బాణం ఎడమ మూల నుంచి కుడి మూలకు నీళ్లలో పడవలాగా వెళ్లింది. ఉరుకుందమ్మ ముఖం విప్పారింది. సోమవారానికి ఇద్దరూ కలిసి ఇరవై చీటీలు తీశారు. షమీమ్ మిల్లు తెర ఎలా ఉంటుందో అడిగి తెలుసుకుని, గడులన్నీ అదే చోట ఉండేలా ఒక నమూనా కూడా తయారుచేసింది. ఒంటరిగా వదిలినప్పుడు మాత్రం ఉరుకుందమ్మ బల్ల చివరి దాకా మౌసును నెట్టి ఆగిపోయేది. షమీమ్ నవ్వుతూ మళ్లీ చేయి వేసేది.

జోగులాంబ అటుగా రెండుసార్లు వచ్చి, "చేయి తియ్యి" అని మాత్రం అని వెళ్లింది.

సోమవారం సాయంత్రం అందరూ వెళ్లాక షమీమ్ అడిగేసింది.

"మేడమ్, ఒక మాట. మగవాళ్లు చేయి పట్టుకుంటే తప్పు, ఒప్పుకుంటా. నేను పట్టుకుంటే ఏం తప్పు? అవతల ఆమెకు ఉండేది నాలుగు రోజులు. నా చేయి ఆమెకు సాయమా, కాదా?"

జోగులాంబ కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పుతూ విన్నది. అప్పటి మౌసుల కడుపులో ఒక చిన్న గుండు ఉండేది. అది దొర్లితేనే బాణం కదిలేది. గుండుకు దుమ్ము పట్టుకుంటే బాణం మొరాయించేది. అందుకే ఆ గదిలోకి చెప్పులు రానివ్వరు, సుద్దముక్క పట్టుకున్నవాళ్లు చేయి కడుక్కోకుండా బల్ల దగ్గరికి రాకూడదు. ఆమె మూడో గుడ్డ కూడా కప్పి, అంచులు సర్ది, "చూద్దాం" అంది. అది జవాబు కాదని షమీమ్‌కు కోపం వచ్చింది. పెద్దవాళ్లకు పట్టింపులు ఎక్కువ అనుకుంది. మర్నాడు, ఆ మర్నాడు కూడా చేయి వేసే నేర్పింది.

గురువారం ఉరుకుందమ్మ ఎప్పటికంటే ముందే వచ్చింది. గడప దగ్గర దులుపుకుని లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు.

"నాకు రాదులే టీచరమ్మా. చెప్పిపోదామని వచ్చినా."

"ఏమైందక్కా?"

"అన్నం టయానికి తూకం గదిలో ఎవరూ లేకుంటే, గుమాస్తా విరుపాక్షిని బతిమాలి కుర్చీలో కూర్చున్నా. ఆ బల్ల ఇంతే ఉంది." రెండు చేతులూ దగ్గరగా పెట్టి చూపించింది. "ఒక పక్క గోడ, ఇంకో పక్క ఇంత లావు రిజిస్టరు. మధ్యన పెట్టినాడు దాన్ని. నెడితే బాణం సగం దాకా పోయింది. మౌసు రిజిస్టరుకు కొట్టుకుంది. ఇంక యాడికి నెట్టాల? అట్లనే పట్టుకుని కూర్చున్నా. విరుపాక్షి ఏమన్నాడో తెలుసా? 'నీకు షెడ్డంత బల్ల కావాలమ్మే, ఊడ్చి ఊడ్చి అలవాటైపోయింది' అన్నాడు. అందరూ వచ్చి చూసి పోయినారు."

"అదేముందక్కా, అట్ల అడ్డం వస్తే..." షమీమ్ చెప్పబోయి ఆగింది. అడ్డం వస్తే ఏం చేయాలి? ఏమీ చేయనక్కర్లేదు, తిప్పుతూ ఉంటే పోతుంది. తనకు ఎప్పుడూ అడ్డం రాలేదు.

"నీ చేతిలో ఏదో ఉంది టీచరమ్మా" అంది ఉరుకుందమ్మ. మాటలో ఎత్తిపొడుపు లేదు, కన్నీళ్లూ లేవు. "నీ చేయి పైన ఉంటే పోతుంది. తీస్తే పోదు. రేపు నీ చేతిని అడుక్కుని తీసుకుపోలేను కదా." అని దగ్గింది.

జోగులాంబ బోర్డు కింద పెట్టె తెరిచి రెండు సుద్దముక్కలు తీసింది. వాటిని కాగితం మధ్య పెట్టి, పాత టైపు మిషను రోలరుతో నలిపింది. వచ్చి, కంప్యూటరు ముందు బల్ల మీద ఆ పొడి అంతా చల్లింది. పొడి ఎగిరి కీబోర్డు మీద కూడా పడింది. కంప్యూటర్లు వచ్చిన నాటి నుంచి ఆ బల్ల మీద దుమ్ము కణం కనబడితే పిల్లలను ఇంటికి పంపిన మనిషి ఆమె.

"కూర్చో. పై మూల నుంచి కింది మూలకు తీసుకుపో" అంది షమీమ్‌తో.

షమీమ్ కూర్చుంది. పట్టుకుంది, తిప్పింది. బాణం తెర అంతా దాటి కింది కుడి మూలకు చేరింది. ఊపిరి తీసినంత సేపు కూడా పట్టలేదు.

"మౌసును ఎంత దూరం నెట్టినావు?"

"ఈ చివర నుంచి ఆ చివరకు మేడమ్."

"బల్ల చూడు."

షమీమ్ మౌసు ఎత్తి పక్కన పెట్టి చూసింది. తెర మీద బాణం అంత దూరం వెళ్లింది గానీ, బల్ల మీద పొడి చెదిరిన జాగా జానెడే. దానికి అటూ ఇటూ సుద్ద చెక్కు చెదరకుండా తెల్లగా ఉంది. తాను జానెడు జాగాలో ఇంత దూరం ఎలా వెళ్లిందో ఆమెకు అర్థం కాలేదు. తన చేయి తన ఎదుటే చేసిన పని, తనకు తెలియకుండా చేసింది.

"మళ్లీ చేస్తా" అంది. చేసింది. మళ్లీ అంతే. ఈసారి చేతినే చూద్దామనుకుంది గానీ, చూస్తున్నానని తెలియగానే చేయి బిగుసుకుని తప్పుగా కదిలింది. జోగులాంబను చూస్తే ఆమె తెరను కాదు, బల్లను చూస్తోంది. ఆమె ముఖంలోనూ కొంత ఆశ్చర్యమే ఉంది.

అప్పుడు ఉరుకుందమ్మ ముందుకు వచ్చి వంగింది. నేల మీద పడ్డదాన్ని చదవడం ఆమెకు పదహారేళ్ల పని. ఎవరు ఎటు నడిచారో, మూట ఎక్కడ ఈడ్చారో, ఎక్కడ ఎత్తారో దూదిలో ఆనవాలు చూసి చెప్పగలదు. ఆ జానెడు జాగాకు ఎడమ చివర వేలు చూపించింది.

"ఇక్కడ మూడుసార్లు దించినావు టీచరమ్మా. ఇదొకటి, దీని మీద ఇదొకటి, ఇదిగో ఇది. నెట్టినావు, ఎత్తినావు, వెనక్కి తెచ్చి మళ్ల దించినావు."

"నేను ఎత్తలేదక్కా."

"ఎత్తకుండా అచ్చు ఎట్ల పడుతుంది? చీపురు కూడా అంతే కదా. ముందరికి తోసిన చీపురును నేల మీదనే వెనక్కి ఈడిస్తే, ఊడ్చిన దూదంతా మళ్ల కాళ్ల కాడికే వస్తుంది. ఎత్తి తెచ్చుకోవాల." అని చెబుతూ చెబుతూ ఆగింది. తల తిప్పి తెర వైపు చూసింది. "ఎత్తితే ఆ బాణం ఏమవుతుంది?"

షమీమ్ చేయి మౌసు మీదికి దానంతటదే వెళ్లబోయింది. జోగులాంబ చెప్పేదాకా ఆగకుండా షమీమే చేతిని వెనక్కి లాక్కుని, లేచి, కుర్చీ ఖాళీ చేసింది.

ఉరుకుందమ్మ కూర్చుంది. మౌసును జానెడు దూరం నెట్టింది. ఎత్తింది. ఎత్తి గాలిలో పట్టుకుని తెరను చూసింది. బాణం ఉన్నచోటే ఉంది. చేతిని వెనక్కి తెచ్చుకుంది. అప్పుడూ అక్కడే ఉంది.

"అది రాదా?" అంది నమ్మలేక. "నేను వెనక్కి వస్తే అది కూడా నాతో వెనక్కి వచ్చేస్తుందేమోనని, బల్ల చివర అట్లనే పట్టుకుని కూర్చుంటిని. వారం దినాలు!" నవ్వింది. నవ్వుతో పాటు దగ్గు వచ్చింది, అయినా నవ్వు ఆపలేదు. ఆ సాయంత్రం సుద్ద మీదనే, ఎవరి చేయీ లేకుండా, పద్నాలుగు చీటీలు తీసింది. ఆమె వెళ్లాక మౌసు గుండు తీసి, దానికి పట్టిన సుద్దను షమీమ్ గంటసేపు తుడిచింది.

శుక్రవారం షమీమ్ కూడా మిల్లుకు వెళ్లింది. తూకం గది చిన్నది గనక గుమ్మం దగ్గరే నిలబడింది. నరసప్ప వచ్చాడు. మేనల్లుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఊడ్చే ఆడవాళ్లు గాజు కిటికీకి ముక్కులు ఆనించారు. కాటా మీద బండి ఎక్కింది.

ఉరుకుందమ్మ పై మూల గడిని నొక్కింది. పత్తి రకం ఎంచింది. బరువు చూసి అంకెలు కొట్టింది. ఇక కింది మూలకు వెళ్లాలి. నెట్టింది. మౌసు వెళ్లి రిజిస్టరుకు తగిలి ఆగింది. గదిలో అందరూ ఆ చప్పుడు విన్నారు. షమీమ్‌కు 'ఎత్తక్కా' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అంటే కుర్చీ పోతుందన్న భయం కంటే, అనకుండా ఉండడమే కష్టమైంది ఆమెకు. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆగిందా?" అన్నాడు విరుపాక్షి వెనక నుంచి వంగి, చేయి చాస్తూ. "జరుగమ్మే, నేను పట్టిస్తా."

"చేయి తియ్యన్నా" అంది ఉరుకుందమ్మ, తల తిప్పకుండానే.

ఎత్తింది. తెచ్చుకుంది. దించింది. మళ్లీ నెట్టింది. మళ్లీ ఎత్తింది. నాలుగోసారికి బాణం మూల గడి మీదికి చేరింది. నొక్కింది. పక్కనున్న మిషను గరగరమని చీటీని బయటికి పంపింది. కిటికీ అవతల ఆడవాళ్లు అరిచిన అరుపుకు కాటా మీది ఎద్దులు బెదిరాయి.

నరసప్ప చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. దొరకదని తెలిశాక, దాతలాగా ముఖం పెట్టి, "సరే, కూర్చో. ఇంతకూ ఎవరు నేర్పినారు నీకు ఇది?" అన్నాడు.

"ఎవరూ నేర్పలేదయ్యా" అంది ఉరుకుందమ్మ. "ఇది నాకు ముందే వచ్చు."

గుమ్మంలో నిలబడ్డ షమీమ్ ఆ మాట విన్నది. వారం రోజులు తన దగ్గర కూర్చున్న మనిషి కనీసం తన వైపు తిరిగి చూడనైనా లేదు. కిటికీ దగ్గరి ఆడవాళ్లకు చీటీ చూపిస్తూ మురిసిపోతోంది. షమీమ్ మండుటెండలో పత్తి యార్డు అంతా దాటి, ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కేదాకా ఆ మాటనే నమిలింది. జోగులాంబ కొత్తగా చేరిన పిల్లకు అక్షరాలు చెబుతోంది.

"కుర్చీ ఇచ్చినాడు మేడమ్."

"మంచిది."

"ఎవరు నేర్పినారంటే, ఎవరూ నేర్పలేదు, నాకు ముందే వచ్చు అనింది. నలుగురి ముందర. నేను అక్కడనే ఉన్నా."

జోగులాంబ కొత్త పిల్ల వేళ్లను చూస్తూనే ఉంది. ఆ పిల్ల తప్పు అక్షరం కొట్టింది, చూసుకుంది, తానే దిద్దుకుంది. అప్పుడు తల ఎత్తింది.

"అట్లనా? అయితే బాగానే నేర్పినావు" అంది.

మరుసటి ఏడు పత్తి కాలంలో, రైతుల బండ్లకు బరువు తగ్గించి కొట్టమని నరసప్ప చెప్పినప్పుడు, ఉరుకుందమ్మ కంప్యూటరు తెరను రైతులు నిలబడే కిటికీ వైపు తిప్పి పెట్టింది.